బొమ్మలేసే పిల్లలకి కుటుంబాలు ఇచ్చే స్కాలర్‌షిప్పులు: ఏది ఎలా ఉందో నా రివ్యూ

ఆర్ట్ కాలేజీలో చదివే పిల్లలకి ఫీజు అనేది అంత పెద్ద ఖర్చు కాదండీ. ముందు ఈ మాట చెప్పేసి రివ్యూలోకి వెళ్తాను, ఎందుకంటే నేనిచ్చే రేటింగ్ అంతా దీన్నిబట్టే ఉంటుంది. గవర్నమెంట్ యూనివర్సిటీలో బీఎఫ్ఏ (ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ) సీటొస్తే ఫీజు రీయింబర్స్‌మెంట్‌లో పోతుంది, అది రానివాళ్ళకి ఇంట్లో ఎలాగోలా కట్టేస్తారు. అసలు ఖర్చు ఆ తర్వాత మొదలవుతుంది. కాన్వాస్ రోలు, దాన్ని బిగించే ఫ్రేముకి (స్ట్రెచర్ అంటారు) చెక్క, ఆయిల్ ట్యూబులు (తెల్లరంగు ట్యూబు ఎప్పుడు కొన్నా ఇట్టే అయిపోతుంది), రంగులో కలిపే లిన్సీడ్ నూనె, టర్పెంటైన్, బ్రష్షులు. ప్రింట్‌మేకింగ్ (ప్లేటు మీద బొమ్మ చెక్కి కాగితం మీద అచ్చు తీసే పని) తీసుకున్నవాళ్ళకి జింక్ ప్లేట్లు, ఇంకులు, మంచి పేపరు. స్కల్ప్చర్ పిల్లల సంగతి అయితే మరీను, మట్టితో చేసినంతసేపు పర్లేదు కానీ దాన్ని ఫైబర్‌లోనో కంచులోనో పోత పోయించాలంటే చేతిలో డబ్బు ఉండాలి, చాలామంది డిగ్రీ మొత్తంలో ఒక్క కంచు బొమ్మ కూడా పోయించకుండానే బయటికొచ్చేస్తున్నారు. గది అద్దెకీ మెస్సు బిల్లుకీ పెళ్ళి స్టేజీల డెకరేషన్లు, ప్రైవేటు స్కూళ్ళ గోడల మీద బొమ్మలు, వినాయకచవితి ముందు విగ్రహాలకి రంగులు, ఇవన్నీ చేస్తుంటారు. ఆ పనులతో చెయ్యి తిరుగుతుంది, నేను కాదనను, కానీ సొంత బొమ్మ ముందు కూర్చునే టైమ్ మాత్రం పోతుంది.

నేను రాజమండ్రిలో డ్రాయింగ్ మాస్టర్ని. మా దగ్గర నేర్చుకుని బీఎఫ్ఏకి వెళ్ళిన పిల్లలు ఎక్కడెక్కడో ఉన్నారు, వైజాగ్ ఆంధ్రా యూనివర్సిటీలో, హైదరాబాద్ మాసబ్ ట్యాంక్ జేఎన్ఏఎఫ్ఏయూలో (జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ), గచ్చిబౌలి సెంట్రల్ యూనివర్సిటీలో, ఒకరిద్దరు బరోడాలో, శాంతినికేతన్‌లో. వాళ్ళ స్కాలర్‌షిప్ ఫారాలు నింపడం చాలా ఏళ్ళుగా నా పనుల్లో ఒకటి. అందులో ఎవరో ఒక కుటుంబం సొంత డబ్బు పెట్టి నడిపేవి ఉన్నాయే, వాటి గురించి తెలుగులో ఎవరూ వివరంగా రాయలేదనిపించి రాస్తున్నా. నేను చూసేవి మూడే. ఆ డబ్బు రంగులకీ టైముకీ పనికొస్తుందా? మార్కులు చూసి ఇస్తున్నారా, బొమ్మ చూసి ఇస్తున్నారా? ఇచ్చినాక ఆ పిల్లాడి దగ్గర తిరిగి ఏం అడుగుతున్నారు?

ఈ మూడు ప్రశ్నలకీ జవాబు చూస్తే నాకు అన్నిటికంటే బాగా నచ్చింది కెనడా వాళ్ళది, ఎలిజబెత్ గ్రీన్‌షీల్డ్స్ ఫౌండేషన్. మాంట్రియల్‌లో చార్ల్స్ గ్లాస్ గ్రీన్‌షీల్డ్స్ అని ఒక లాయరు ఉండేవారు, ఆయనకి బొమ్మలు వేయడం కూడా ఇష్టం. 1955లో వాళ్ళమ్మ పేరు మీద ఈ ఫౌండేషన్ పెట్టారు. ఆయన పోయి చాలా కాలమైంది కానీ ఆ డబ్బు ఇంకా పిల్లలకి అందుతూనే ఉంది, అదీ కెనడా పిల్లలకే కాదు, ఏ దేశం వాళ్ళయినా అప్లై చేసుకోవచ్చు, మన పిల్లలూ చేసుకోవచ్చు. ఆర్ట్ స్కూల్లో చేరి ఉండాలి లేదా చదువు అయిపోయి ఉండాలి, అది లేకపోతే ఇదే నా జీవితం అని వేసిన పని చూపించి నమ్మించగలగాలి. అప్లికేషన్ ఫీజు లేదు. లాస్ట్ డేట్ అంటూ కూడా లేదు, ఏడాది పొడుగునా తీసుకుంటారు. మొదటిసారి ఇది ఒక అమ్మాయికి చెప్తే "మాస్టారూ, ఇంత సులువుగా ఉందేంటండీ, ఫ్రాడ్ కాదు కదా" అని అడిగింది. ఆ అమ్మాయి భయం అర్థమవుతుంది, మన దగ్గర స్కాలర్‌షిప్ అనగానే ప్రాసెసింగ్ ఫీజు పంపమని మెసేజ్‌లు పెట్టేవాళ్ళు అంతమంది ఉన్నారు మరి.

ఆ డబ్బుని ఎలా వాడుకోవాలన్న దగ్గర వీళ్ళు పెట్టిన పద్ధతి చూడండి. కాలేజీ ఫీజు కట్టుకోవచ్చు, స్టూడియో అద్దెకి తీసుకోవచ్చు, రంగులు కొనుక్కోవచ్చు, ఎక్కడికైనా వెళ్ళి బొమ్మలు వేసుకోవచ్చు, బొమ్మల పనికి సంబంధించినదైతే చాలు. కెనడా డాలర్లలో ఇస్తారు, మన రూపాయల్లోకి మారిస్తే లక్షల్లో ఉంటుంది. ఒకసారి వచ్చినవాళ్ళు కొంతకాలం పోయాక మళ్ళీ అప్లై చేసుకోవచ్చు కూడా. మార్కుల మెమో అడిగి దాన్నిబట్టి తీసేసేది కాదు ఇది, పంపిన బొమ్మల ఫోటోలు చూస్తారు, రిఫరెన్స్ లెటర్లు చూస్తారు, ముందు ముందు ఏం చేయాలనుకుంటున్నావో రాయమంటారు (దాన్నే స్టేట్‌మెంట్ అంటారు). ఇంటర్‌లో లెక్కలు తప్పిన కుర్రాడు కూడా వేలెత్తి చూపలేనంత బాగా ఒక మనిషి మొహం వేయగలిగితే వాడికి ఇక్కడ చోటుంది.

కానీ ఒక షరతు ఉంది, అది తెలియక చాలామంది టైమ్ వేస్ట్ చేసుకుంటారు. మనిషో, చెట్టో, ఇల్లో, చూస్తే అదేంటో గుర్తుపట్టగలిగే బొమ్మ అయ్యుండాలి. ఆబ్‌స్ట్రాక్ట్ అయితే తీసుకోరు. పెయింటింగ్, డ్రాయింగ్, ప్రింట్‌మేకింగ్, శిల్పం, ఈ నాలుగే. ఫోటోగ్రఫీ, వీడియో, ఇన్‌స్టలేషన్ (వస్తువులు పేర్చి గదినే ఒక కళగా చేసేది), కంప్యూటర్లో చేసిన డిజిటల్ పని, ఏదీ లెక్కలోకి రాదు. దీనిమీద నా స్టూడెంట్స్‌తో చాలాసార్లు వాదన అయింది, "ఇప్పుడు ప్రపంచం ఎక్కడుంది, వీళ్ళెక్కడున్నారు" అంటారు వాళ్ళు. నేను మాత్రం ఆ పెద్దమనిషి వైపే. ఆయన డబ్బు, ఆయనకి ఇష్టమైన కళ, 1955లో ఏం చెప్పాడో ఇప్పటికీ అదే నడుస్తోంది, ఎవరికి ఇస్తారో ఎవరికి ఇవ్వరో ముందే స్పష్టంగా చెప్తున్నారు. ఇన్‌స్టలేషన్ చేసే పిల్లలకి వేరే చోట్ల దారులున్నాయి, ఒక పోర్ట్రెయిట్‌ని బుద్ధిగా నెలల తరబడి వేసుకునే పిల్లలకే ఈ రోజుల్లో పెద్ద దిక్కు లేదు. 5కి 4.5 ఇస్తున్నా. ఆ అర తగ్గించింది ఎందుకంటే ఫారం అంతా ఇంగ్లీషు లేదా ఫ్రెంచిలో ఉంటుంది, తెలుగు మీడియం పిల్లలకి ఆ స్టేట్‌మెంట్ రాసే దగ్గరే చెయ్యి ఆగిపోతుంది.

ఇక్కడ కొంచెం పక్కకి వెళ్తున్నా, ఇలా డబ్బు రాసిపెట్టిన పాత కథ ఒకటి చెప్పకపోతే నాకు తోచదు. ఇంగ్లండ్‌లో ఫెలిక్స్ స్లేడ్ అని ఒకాయన, ఆయనా లాయరే, గాజు సామాన్లు, పుస్తకాలు, ప్రింట్లు పోగుచేసేవాడు. 1868లో పోతూ పోతూ ఆక్స్‌ఫర్డ్, కేంబ్రిడ్జ్, లండన్ యూనివర్సిటీ కాలేజీ, మూడు చోట్లా ఆర్ట్ ప్రొఫెసర్ పోస్టులకి వీలునామాలో డబ్బు రాశాడు, లండన్‌లో వాటికి తోడు ఆరు స్టూడెంట్ స్కాలర్‌షిప్‌లు కూడా పెట్టాడు. ఆ డబ్బుతోనే 1871లో స్లేడ్ స్కూల్ మొదలైంది, మొదటి రోజు నుంచీ ఆడపిల్లల్ని కూడా చేర్చుకున్నారు, ఆ కాలానికి అది చిన్న విషయం కాదు. మన గుడివాడలో పుట్టిన ఎస్.వి. రామారావు గారు 1960ల్లో కామన్వెల్త్ స్కాలర్‌షిప్ మీద వెళ్ళి చదివింది ఆ స్లేడ్‌లోనే. ఒక మనిషి వీలునామాలో నాలుగు లైన్లు రాస్తే, వందేళ్ళ తర్వాత కృష్ణా జిల్లా నుంచి వెళ్ళినవాడికి కూర్చుని బొమ్మ వేసుకునే చోటు దొరికింది.

మా ఊళ్ళో కూడా ఇలాంటి కథే ఒకటుంది. దామెర్ల రామారావు గారిని రాజమండ్రి కాలేజీ ప్రిన్సిపాల్ కూల్డ్రే దొర వెన్నుతట్టి బొంబాయి జె.జె. స్కూల్‌కి పంపించబట్టే ఆ బొమ్మలన్నీ వచ్చాయి. 1897లో పుట్టి 1925లో, 28 నిండకుండానే మశూచితో పోయారాయన, ఉన్న ఆ కాస్త టైములో వేసినవి మా ఊరి గ్యాలరీలో ఉన్నాయి, రాజమండ్రి వచ్చేవాళ్ళు గోదావరి చూసి వెళ్ళిపోకుండా అది కూడా చూడండి. అప్పట్లో ఫౌండేషనూ లేదు ఫారమూ లేదు, చూసే కన్ను ఉన్న పెద్దమనిషి ఒకరు దగ్గర్లో ఉండటమే స్కాలర్‌షిప్.

సరే, ఇప్పటి సంగతికి వద్దాం. మన దగ్గర ఇలాంటిది ఉందా అంటే హైదరాబాద్‌లో కృష్ణాకృతి ఫౌండేషన్ ఉంది. బంజారాహిల్స్ కళాకృతి ఆర్ట్ గ్యాలరీ నడిపే ప్రశాంత్ లాహోటి గారు వాళ్ళ నాన్నగారు కృష్ణచంద్ర లాహోటి పేరు మీద 2003లో పెట్టారు, ఏటా ఆర్ట్ ఫెస్టివల్ చేస్తారే, కృష్ణాకృతి ఫెస్టివల్, అది వీళ్ళదే. ఆర్ట్ కాలేజీల్లో చదివే, డబ్బులకి ఇబ్బంది పడే పిల్లలకి స్కాలర్‌షిప్‌లు ఇస్తారు, ఫ్రెంచి ఎంబసీ వాళ్ళతో కలిసి ఇక్కడి ఆర్ట్ స్టూడెంట్స్‌ని ఫ్రాన్స్‌లో మాస్టర్స్‌కి పంపించే స్కాలర్‌షిప్ కూడా నడిపారు. నాకు ఇందులో నచ్చింది ఏంటంటే డబ్బు ఇచ్చే ఇల్లు, గ్యాలరీ ఒకటే కావడం. గ్యాలరీ వాళ్ళకి బొమ్మ అంటే ఏంటో తెలుసు, పిల్లలకి సీనియర్ ఆర్టిస్టులు, క్యురేటర్లు (ప్రదర్శనలో ఏ బొమ్మలు పెట్టాలో చూసేవాళ్ళు), కొనేవాళ్ళు ఎలా ఉంటారో కళ్ళతో చూసే అవకాశం వస్తుంది, మా గోదావరి జిల్లాల పిల్లలకి చెక్కు కంటే ఇది ఎక్కువ అవసరం అంటాను నేను. ఫ్రాన్స్ సంగతికొస్తే, అక్కడి గవర్నమెంట్ ఆర్ట్ స్కూళ్ళలో ఫీజులు ఇంగ్లండ్, అమెరికాలతో పోలిస్తే చాలా తక్కువ, కానీ ఎక్కువ చోట్ల పాఠం ఫ్రెంచిలోనే. కాబట్టి ఎవరికైనా ఆ వైపు ఆలోచన ఉంటే బీఎఫ్ఏ మూడో ఏడాదిలోనే ఫ్రెంచి నేర్పే అలియాన్స్ ఫ్రాన్సేజ్‌లో చేరిపోవాలి, ఫైనల్ ఇయర్ అయ్యాక చూద్దాంలే అంటే భాష అప్పటికప్పుడు రాదు. 5కి 4.

ఇన్‌లాక్స్ శివదాసానీ ఫౌండేషన్ వేరే లెవెల్ అండీ. ఇందూ శివదాసానీ గారు 1976లో పెట్టారు, అమెరికా, యూరప్, ఇంగ్లండ్ పెద్ద యూనివర్సిటీల్లో చదవడానికి లక్ష అమెరికన్ డాలర్ల వరకు ఇస్తారు, చదువు ఫీజు, అక్కడ ఉండే ఖర్చు, వెళ్ళే టికెట్టు అన్నీ అందులోనే. 30 ఏళ్ళ లోపు వాళ్ళకే. ఆర్ట్ ఒక్కదానికే కాదు, చాలా సబ్జెక్టులకి ఉంది, ఇంజనీరింగ్, మెడిసిన్, బిజినెస్ లాంటివాటికి ఇవ్వరు, అందుకే ఆర్ట్ పిల్లలకి ఇక్కడ నిలబడే ఛాన్స్ ఉంది. ఇది కాక ఇక్కడే ఉండి పనిచేసే కుర్ర ఆర్టిస్టులకి విడిగా ఫైన్ ఆర్ట్ అవార్డు కూడా ఇస్తారు, బయటికి వెళ్ళే ఉద్దేశం లేనివాళ్ళు ముందు దాన్ని చూసుకోండి. స్కాలర్‌షిప్‌లో కష్టం ఏంటంటే ముందు అక్కడ అడ్మిషన్ తెచ్చుకుని అప్పుడు రావాలి. అడ్మిషన్ తెచ్చుకోవడానికి అప్లికేషన్ ఫీజులు, ఇంగ్లీషు టెస్టు, పోర్ట్‌ఫోలియో (వేసిన బొమ్మలన్నీ కూర్చిన ఫైలు), ఇవన్నీ సొంత డబ్బుతో అవ్వాలి, ఆ తర్వాత ఇంటర్వ్యూలు. అంటే ఈ మెట్టు దాకా రావడానికే ఇంట్లో కాస్త ఆసరా ఉండాలి. వచ్చినవాళ్ళకి మాత్రం జీవితంలో ఒక్కసారి వచ్చే అవకాశం. పెద్ద ఊళ్ళ పిల్లలకి 4.5, మా ఊరి పిల్లల లెక్కలో 3.

జె.ఎన్. టాటా ఎండోమెంట్ గురించి కూడా అడుగుతుంటారు. 1892 నుంచి ఉంది, మన దేశంలో విదేశీ చదువుకి డబ్బిచ్చే పాత ఫండ్లలో అది ఒకటి, కె.ఆర్. నారాయణన్ గారు లాంటివాళ్ళు దాని మీద చదివారు, ఏ సబ్జెక్టు వాళ్ళయినా అడగొచ్చు. కానీ అది లోన్ స్కాలర్‌షిప్, తిరిగి కట్టాలి. ఇంజనీరింగ్ చదివిన కుర్రాడికి ఉద్యోగం రాగానే కట్టేయడం కుదురుతుంది, బొమ్మలు వేసేవాడి మొదటి సంవత్సరాలు ఎలా ఉంటాయో నాకు తెలుసు. అందుకే నేను పిల్లలకి దీన్ని మొదటి దారిగా చెప్పను. అలాగే పొలాక్ క్రాస్నర్ ఫౌండేషన్ అని ఎవరో లింకు పంపిస్తుంటారు, అమెరికా పెయింటర్ లీ క్రాస్నర్ గారి వీలునామా డబ్బుతో నడిచేది, చాలా మంచిదే, కానీ స్టూడెంట్స్‌కి ఇవ్వరు. చదువు అయిపోయి ఆర్టిస్టుగా పనిచేస్తున్నవాళ్ళకే. చదువుతుండగా దానికి అప్లై చేసి దిగులు పెట్టుకోవద్దు.

మన కాలేజీల్లో ఉండే ఎండోమెంట్ ప్రైజుల దగ్గరికి వస్తే మనసు కష్టమేస్తుంది. ఒకప్పుడు ఎవరో పుణ్యాత్ములు పోయిన కొడుకు పేరునో తండ్రి పేరునో పదివేలు డిపాజిట్ చేసి, దాని వడ్డీతో ఏటా ఫస్ట్ వచ్చిన పిల్లాడికి ప్రైజు ఇమ్మన్నారు. ఆ రోజుల్లో పదివేలంటే పెద్ద మొత్తం. ఇప్పుడు 7 శాతం వడ్డీ వేసుకున్నా ఏడాదికి 700 రూపాయలు. డిపాజిట్ చేసిన అసలు కదలదు, ధరలు మాత్రం కదులుతూనే ఉంటాయి, ఇచ్చిన కుటుంబం ఏ అమెరికాలోనో ఉంటుంది, వాళ్ళకి ఈ సంగతే తెలియదు. ఇది చదివేవాళ్ళలో మీ తాతగారి పేరు మీద ఏ యూనివర్సిటీలోనైనా ఎండోమెంట్ ఉంటే దయచేసి ఒకసారి ఫోన్ చేసి ఇప్పుడు పిల్లాడి చేతికి ఎంత వెళ్తోందో కనుక్కోండి. అసలుకి ఇంకొంచెం కలపండి. కొత్తగా పెట్టేవాళ్ళయితే వడ్డీ మొత్తం ఖర్చు పెట్టకుండా కొంత అసలులో కలిసేట్టు మొదట్లోనే రాయించండి, అప్పుడు ఆ ప్రైజు మీ మనవల కాలానికి కూడా ప్రైజులాగే ఉంటుంది.

తీసుకోవద్దు అని నేను గట్టిగా చెప్పేవి కూడా ఉన్నాయి. పేరు చెప్పను, ఒక ఫ్యామిలీ ట్రస్టు వాళ్ళు మా స్టూడెంట్‌కి ఏడాది స్కాలర్‌షిప్ ఇచ్చారు, ఇచ్చిన డబ్బు బాగానే ఉంది, కానీ స్టేజీ మీద పెద్ద అట్టముక్క చెక్కు పట్టించి ఫోటో దిగాక మొదలైంది. ముందు వాళ్ళ తాతగారి నిలువెత్తు ఆయిల్ పోర్ట్రెయిట్ అడిగారు. అది అవ్వగానే మామ్మగారిది. తర్వాత ఇంట్లో పెళ్ళికి వెల్‌కమ్ బోర్డు డిజైను. కాదంటే రెండో విడత డబ్బు ఆగుతుందేమో అని ఆ కుర్రాడు అన్నీ చేశాడు, బయట మార్కెట్లో ఆ రెండు పోర్ట్రెయిట్లకి అంతకంటే ఎక్కువే వచ్చేది. దాన్ని స్కాలర్‌షిప్ అనరండీ, తక్కువ రేటుకి చేయించుకున్న పని అంటారు. ఇలాంటిచోట రేటింగ్ ఇవ్వడం కూడా అనవసరం. ఇచ్చే పెద్దలకి నా మనవి ఒక్కటే, బొమ్మ కావాలంటే విడిగా డబ్బిచ్చి వేయించుకోండి, వాడు సంతోషంగా వేస్తాడు. స్కాలర్‌షిప్ డబ్బుతో మాత్రం వాడికి నచ్చింది వేసుకోనివ్వండి.

ఇవి కాక సెంట్రల్ గవర్నమెంట్ కల్చర్ మినిస్ట్రీ యంగ్ ఆర్టిస్ట్ స్కాలర్‌షిప్ ఉంది, 18 నుంచి 25 ఏళ్ళ వాళ్ళకి, నెలకి 5000 చొప్పున రెండేళ్ళు, మొత్తం 400 మందికి. ఇది కుటుంబాలది కాదు కాబట్టి నా రివ్యూలోకి రాదు, కానీ దానికి కూడా అప్లై చేయండి. పెయింటింగ్‌కి, శిల్పానికి, సంగీతానికి, డాన్సుకి, నాటకానికి అన్నిటికీ కలిపి ఆ 400 అని గుర్తుంచుకోండి, పోటీ బాగా ఉంటుంది.

అప్లై చేసేవాళ్ళకి పనికొచ్చే మాటలు కొన్ని. బొమ్మ ఎంత బాగున్నా ఫోటో పాడైతే అంతా పోయినట్టే, అవతల కూర్చున్న జడ్జి చూసేది ఫోటోనే. ట్యూబ్‌లైట్ కింద, ఫ్లాష్ వేసి తీయకండి, వార్నిష్ మీద వెలుగు కొట్టి మధ్యలో తెల్లమచ్చ పడుతుంది. పొద్దున్న ఎనిమిది, తొమ్మిదింటికి వరండాలో నీడలో, బొమ్మకి ఎదురుగా తిన్నగా నిలబడి తీయండి. ఫ్రేమూ గోడా కనిపించకుండా కత్తిరించండి, రంగులు మాత్రం ఫోన్లో ఫిల్టర్ పెట్టి మార్చొద్దు. శిల్పం అయితే రెండు మూడు వైపుల నుంచి తీయాలి. కొలతలు, మీడియం (దేంతో వేశారో, ఆయిలా ఇంకోటా), ఏడాది రాసిపెట్టుకోండి. అన్ని రకాలూ వచ్చు అని చూపించడానికి ఒక ల్యాండ్‌స్కేప్, ఒక దేవుడి బొమ్మ, ఒక సినిమా హీరో పెట్టేస్తుంటారు, అలా వద్దు, ఒకే మనిషి చెయ్యి అని తెలిసేట్టు ఉండాలి. స్టేట్‌మెంట్‌లో "నాకు చిన్నప్పటి నుంచి కళ అంటే ప్రాణం" అని మొదలుపెట్టే బదులు, మీరు ఏం వేస్తున్నారో అది చెప్పండి. మా ఊరి చేపల మార్కెట్ ఆడవాళ్ళని వేస్తున్నాను, ఇంకో పది కాన్వాసులు వేయాలి, ఇంత ఖర్చవుతుంది అని రాసిన అమ్మాయి కాగితం చదివితే నాకే డబ్బివ్వాలనిపించింది. తెలుగులో రాసుకుని తర్వాత ఎవరి సాయంతోనైనా ఇంగ్లీషులోకి మార్చుకోండి. రిఫరెన్స్ లెటర్ కోసం ప్రొఫెసర్ గారిని చివరి రోజు అడగకండి, మీ బొమ్మల ఫోటోలు, స్టేట్‌మెంట్ కూడా వాళ్ళకి ఇస్తే మీ గురించి నిజంగా రాయగలుగుతారు.

విదేశాల నుంచి డబ్బొస్తే బ్యాంకులో అడుగుతారు, ఎందుకొచ్చింది, ఎవరు పంపారు అని. అవార్డు లెటర్ ప్రింటు తీసి దగ్గర పెట్టుకోండి, కంగారు పడొద్దు. విదేశీ విరాళాల చట్టంలో స్కాలర్‌షిప్, స్టైపెండ్ లాంటివి తీసుకోవడానికి మినహాయింపు ఉంది, ఇన్‌కమ్ ట్యాక్స్‌లో కూడా చదువు ఖర్చు కోసం ఇచ్చే స్కాలర్‌షిప్‌కి మినహాయింపు ఉంది, అయినా పెద్ద మొత్తం అయితే ఒక ఆడిటర్‌ని కలిసి కాగితాలు చూపించడం మంచిది. రంగుల బిల్లులు, అద్దె రసీదులు ఒక కవర్లో వేసి ఉంచండి, ఎవరూ అడక్కపోయినా సరే.

ఫైనల్ ఇయర్ వాళ్ళు మాత్రం డిస్‌ప్లే తీసేయకముందే అన్ని బొమ్మలకీ ఫోటోలు తీయించుకోండి. తర్వాత కొన్ని డిపార్ట్‌మెంట్‌లో ఉండిపోతాయి, కొన్ని అమ్ముడుపోతాయి, అప్లికేషన్‌కి కావలసింది సరిగ్గా ఆ బొమ్మే అయ్యుంటుంది.